పెళ్ళి చెడగొట్టేవాడే పేరయ్యా?

మొన్న పాత శిష్యుడొకడు రైల్లో కనబడి, "మేష్టారూ, అతివాహకత కావాలంటే ఇనుము జోలికి పోవద్దనేవారు కదూ!" అని నవ్వేడు. నిజమే. చాలా ఏళ్ళు అదే పాఠం చెప్పేను. 2008లో అది కాస్తా బోల్తాపడింది.

విద్యుత్తుకు బొత్తిగా అడ్డు చెప్పని పదార్థమే అతివాహకం. చలికి ఆఖరి హద్దు సున్నాకు దిగువ 273 డిగ్రీలు. ఆ హద్దునుంచి లెక్కపెడితే 4 డిగ్రీల దగ్గర పాదరసంలో నిరోధం హఠాత్తుగా మాయమవుతుందని 1911లో హాలెండులో కామర్లింగ్ ఓన్స్ కనిపెట్టేడు. కారణం 1957లో గాని తేలలేదు. ఆ చలిలో ఎలక్ట్రాన్లు జంటలు కడతాయని బార్డీన్, కూపర్, ష్రీఫర్ చెప్పేరు.

రెండూ ఋణవిద్యుత్తే, తోసుకోవద్దూ? ఒక ఎలక్ట్రాను పోతూ పోతూ చుట్టూ ఉన్న పరమాణువుల్ని తనవైపు రవంత లాగుతుంది. నవారు మంచంమీద ఒకరు కూర్చుంటే పల్లంపడి పక్కవాడు అటే జారుతాడు చూడండి, అలాగన్నమాట. (నవారు వదులుగా ఉండాలి లెండి.) ఆ పల్లమే పెళ్ళిళ్ళ పేరయ్య!

ప్రతి ఎలక్ట్రానూ ఓ బుల్లి అయస్కాంతం. జంటలో ఒకటి పైకి, ఒకటి కిందికి చూస్తాయి. మధ్యలో ఇనుములాంటి అయస్కాంతపు పరమాణువు దూరిందా, ఆ పొత్తు చెడుతుంది. నా హెచ్చరిక అందుకే.

అలాంటిది, 2008లో టోక్యోలో హోసోనో బృందం లాంథనం, ఇనుము, ఆర్సెనిక్, ఆక్సిజన్ కలిసిన పదార్థంలో కాస్త ఫ్లోరిన్ చేరిస్తే 26 డిగ్రీలకే అతివాహకమై కూర్చుంది. లాంథనం బదులు సమేరియం పెట్టి చైనావారు ఆ ఏడే 55 దాకా తీసుకుపోయేరు. పల్లం బలమెంతో లెక్కకడితే ఒక్క డిగ్రీకైనా చాలలేదు!

మరి పేరయ్య ఎవరు? అనుమానమంతా ఇనుముమీదనే. ఫ్లోరిన్ చేరకముందు దాని అయస్కాంతాలు వరసలు తీరి ఉంటాయి. చేరేక వరస చెదురుతుంది గాని, అలజడి పోదు. ఆ అలజడే జత కలుపుతోందని మాజిన్ ప్రభృతులన్నారు. అయితే దాని నైజం వికర్షణ. అందుచేత ఒక షరతు: ఎలక్ట్రాన్లు రెండు గుంపులు; జంట తాలూకు తరంగం ఒక గుంపులో ధనమైతే రెండోదానిలో ఋణం కావాలి. న్యూట్రాన్ల పరీక్షల్లో దీనికి అనుకూలమైన జాడలు దొరికేయి.

"అయితే తేలిపోయినట్టేనా, మేష్టారూ?" అన్నాడు శిష్యుడు.

ఎక్కడ తేలింది! ఇనుము, సెలీనియం కలిసిన ముద్ద 8 డిగ్రీల దగ్గర అతివాహకం. దాన్నే ఒక్క పొరగా స్ట్రాన్షియం టైటనేట్ మీద పరిస్తే 60 చుట్టుపక్కలకు ఎగబాకిందని 2012లో చైనాలో చూశారు. తీరా ఆ పొరలో చూస్తే, చెప్పిన రెండు గుంపుల్లో ఒకటి లేనే లేదు! పీటవంటి ఆ టైటనేట్ కంపనాలు కూడా చెయ్యివేస్తున్నాయని కొందరు, కాదని కొందరు.

స్టేషను రావడంతో వాడు దిగిపోయేడు. నేనింకా ఆ లేని గుంపు గురించే ఆలోచిస్తున్నాను.