వినువాడు, వెంబడించువాడు

కొంతకాలము క్రిందట మా కేంద్రమునకు ఒక ఉత్తరము వచ్చినది. వ్రాసినవారు స్వగ్రామమును విడిచి పట్టణములో ఉద్యోగము చేసికొనుచున్న యువకులు. ఆదివారము ఉదయమున మేము ప్రసారము చేయు క్రైస్తవ భక్తిగీతములను వారు తప్పక విందురట. పిమ్మట చేతిలోని ఫోనులో ఎక్కడెక్కడి ఆరాధనలనో, ప్రసంగములనో చూతురట. గుడికి పోయి చాల నెలలైనదట. "మా అమ్మ దీనిని ఒప్పుకొనుట లేదు. వినుట వేరు, వెళ్ళుట వేరు అని కోపపడుచున్నది. ఎక్కడ విన్నను వాక్యము వాక్యమే కదా! మీరు రేడియోవారు గనుక మిమ్ము అడుగుచున్నాను. మాలో ఎవరిది న్యాయము?" అని ఆ ఉత్తరము ముగిసినది.

మేము మతాచార్యులము కాము. తల్లికిని బిడ్డకును నడుమ తీర్పు చెప్పు అధికారమును మాకు లేదు. అయినను ఈ ప్రశ్న మమ్ము వదలలేదు. దూరముననున్న వానికి మాట చేరవేయుట మా వృత్తి. చేరిన మాట మనిషిని మార్చుచున్నదా, లేక చెవులను సంతోషపెట్టి పోవుచున్నదా అని ఎవరైన అడిగినప్పుడు మేము తప్పించుకొన రాదు. కావున క్రైస్తవ సంప్రదాయములో శిష్యత్వమనగా ఏమో, దానికిని యంత్రములకును గల సంబంధమేమో, మాకు తెలిసినంతవరకు ఇక్కడ వివరింప యత్నింతుము.

మొదట మాటను చూతము. సువార్తలు గ్రీకు భాషలో వ్రాయబడినవి. వాటిలో యేసు అనుచరులను గూర్చి వాడిన పదమునకు 'నేర్చుకొనువాడు' అని అర్థము. మన 'శిష్యుడు' అను పదము సంస్కృతమునుండి వచ్చినది. శాసింపదగినవాడు, అనగా దిద్దబడుటకు ఒప్పుకొన్నవాడు అని దాని భావము. రెండు పదములలోను వినుట ఉన్నది గాని, వినుటతో రెండును ముగియవు. గలిలయ సముద్రతీరమున వలలు వేయుచున్న జాలరులను యేసు పిలిచినది ఉపన్యాసము వినుటకు కాదు, తన వెంట నడచుటకు. వారు ఆయనతో దారి నడచిరి, ఆయనతో కూర్చుండి భుజించిరి. పదవులకై పోటీపడి మందలింపబడిరి. తుదిరాత్రి ఆయన తమ పాదములు కడుగగా సిగ్గుపడిరి. ఈ దిద్దుబాటు అంతయు కలిసి బ్రదుకుటవలన జరిగినది. మన గురుకులములలో కట్టెలు కొట్టుచు, నీళ్ళు మోయుచు విద్య నేర్చిన పద్ధతిని ఎరిగిన వారికి ఇది క్రొత్త కాదు.

అట్లని ఆ తొలి సంఘములు సాధనములను త్రోసిపుచ్చినవి కావు. ఆ నాటి సాధనము ఉత్తరము. పౌలు తాను అంతవరకు చూడని రోము నగరపు విశ్వాసులకు సుదీర్ఘమైన లేఖ పంపెను. తాను చెప్పుచుండగా తెర్తియు అను లేఖకుడు దానిని వ్రాసెను. రోమనులు వేసిన బాటలమీదుగాను, ఓడలమీదుగాను ఇట్టి లేఖలు ప్రయాణము చేసినవి. అయినను అదే లేఖలో, మిమ్ము కన్నులార చూడవలెనని నాకు ఎంతయో ఆశ గలదని పౌలు చెప్పుకొనెను. యోహాను పేరిట గల చిన్న లేఖలలో ఇంకను స్పష్టముగా ఉన్నది. వ్రాయవలసినది చాల ఉన్నదనియు, కాని సిరాతో వ్రాయుటకు మనసు ఒప్పక, వచ్చి ముఖాముఖిగా మాటలాడ నిరీక్షించుచున్నాననియు ఆ లేఖకుని భావము. సాధనమును వాడుచునే దాని కొరతను ఎరిగియుండుట ఆ కాలముననే మొదలైనది.

ఇక మన తెలుగునాటి సంగతి చూతము. మద్రాసులో 1728లో మిషనును నెలకొల్పిన జర్మను దేశస్థుడు బెంజమిన్ షుల్జ్ తెలుగు నేర్చి బైబిలును అనువదించెను. ఆ అనువాదము అచ్చునకు నోచుకొనలేదు గాని, ఆయన స్వదేశమునకు మరలిన పిమ్మట హాలే నగరమున 1746, 1747 సంవత్సరములలో కొన్ని చిన్న తెలుగు పుస్తకములు అచ్చయ్యెను. విశాఖపట్టణమున అగస్టస్ డెస్ గ్రాంజెస్ ఆనందరాయరు అను తెలుగు పండితుని సహాయముతో సువార్తలను తెనిగించి, 1810లో మరణించెను. ఆ గ్రంథము బెంగాలులోని శ్రీరామపురమున 1812లో అచ్చయ్యెను. ఆ ఏటనే మార్చి 11న శ్రీరామపురపు ముద్రణశాల అగ్నికి ఆహుతియైనది. కాగితము, వ్రాతప్రతులు, అనేక భాషల అచ్చక్షరములు కాలిపోయెను. కరిగి ముద్దయైన లోహమును వెలికి తీసి, కొలది దినములలోనే మరల అక్షరములు పోతపోయసాగిరి. 1818లో తెలుగు క్రొత్త నిబంధన అక్కడనే వెలువడెను.

అక్షరము దొరికినది, కాని అక్షరము వచ్చినవారు ఎందరు? పల్లెలలో కూలి చేసికొని బ్రదుకు జనమునకు పుస్తకము చేతికిచ్చినను లాభము లేకపోయెను. వారిలో విశ్వాసము ఎట్లు ఎదిగినదో తెలియుటకు రెండు దృష్టాంతములు చాలును.

మొదటిది ఒంగోలు ప్రాంతమునది. 1876 మొదలు 1878 వరకు దక్షిణ దేశమును పీడించిన ఘోరమైన కరవులో, అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకమును గుత్తకు తీసికొనెను. ఆకలిగొన్నవారికి పని దొరికినది. తెలుగు ఉపదేశకులే మేస్త్రీలుగా కూలీలతో కలిసి గట్టున ఉండిరి. పని ఆగిన వేళల వారితో కూర్చుండి మాటలాడిరి. తిండి కొరకు మతము పుచ్చుకొన్నారను మాట రాకుండుటకై, కరవు పనులు సాగినంతకాలము క్లౌ బాప్తిస్మములను నిలిపివేసెను. పిమ్మట 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. చరిత్రకారులు ఈ అంకెను చెప్పి ఆగుదురు. మాకు అంకెకంటె ఆ కాలువగట్టు ముఖ్యముగా తోచుచున్నది. బోధించువాడును బోధింపబడువాడును ఒకే ఎండలో నిలిచిన చోటు అది.

రెండవది దోర్నకలు. రైలుమార్గము కూడలియై వెలసిన ఆ ఊరికి 1909లో వచ్చిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య, 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తుడయ్యెను. ఆంగ్లికను సంఘములో ఆ పదవినందిన తొలి భారతీయుడు ఆయనయే. చదువురాని పల్లెవాసులు పది ఆజ్ఞలను, ప్రభువు నేర్పిన ప్రార్థనను, విశ్వాస ప్రమాణమును కంఠస్థము చేయవలెనని ఆయన పట్టుపట్టెను. సువార్త కథలు తెలుగు బాణీలలో పాటలై పల్లెకు చేరెను. అంతకు పూర్వమే పురుషోత్తమ చౌదరి మొదలైనవారు కూర్చిన కీర్తనలు జనుల నాలుకలమీద ఉండెను. పుస్తకము లేనివాని హృదయమే పుస్తకమైనది.

ఇక మా యంత్రము విషయము. రేడియో పుట్టిన తొలిదినములలోనే ఆరాధన ఆకాశమార్గమునకు ఎక్కినది. అమెరికాలోని పిట్స్‌బర్గు నగరమున 1921 జనవరి 2న కాల్వరీ దేవాలయపు ఆరాధనను కె.డి.కె.ఎ. అను కేంద్రము ప్రసారము చేసెను. అక్కడ పనిచేసిన ఇద్దరు సాంకేతికులలో ఒకరు యూదుడు, ఒకరు కాథలికు. యంత్రములతో తిరుగు వారిని చూచి భక్తుల దృష్టి చెదరకుండుటకై వారిద్దరికిని గాయకబృందపు అంగీలు తొడిగిరి! లండనులో బి.బి.సి. ఒక మహిళా శ్రోత పట్టుదలవలన 1928 జనవరి 2 నుండి నిత్యారాధనను ప్రారంభించెను. 1931 ఫిబ్రవరి 12న మార్కోని స్వయముగ నిర్మించిన వాటికను రేడియోలో పోపు పదునొకండవ పయస్ ప్రసంగించెను. మంచము పట్టినవారికి, వృద్ధులకు, కారాగారములలోని వారికి ఈ ప్రసారములు చేసిన మేలు అల్పము కాదు. 2020లో దేశమంతట మార్చి 25 నుండి రాకపోకలు ఆగినప్పుడు, ఏప్రిల్ 12న వచ్చిన ఈస్టరు పండుగను కోట్లాది కుటుంబములు ఇంటిలోనే జరుపుకొనెను. ఆనాడు యంత్రమే గుడి తలుపైనది. దానిని చులుకన చేయువాడు కృతఘ్నుడు.

అయినను రేడియోకును చేతిలోని ఫోనుకును ఒక భేదమున్నది. మా కార్యక్రమమునకు ఒక వేళ ఉన్నది, అది ముగియును. ముగిసిన పిమ్మట శ్రోత లేచి తన పనికి పోవును. ఫోనులో వచ్చు ప్రసంగమునకు ముగింపు లేదు. ఒకటి కాగానే మరియొకటి దానంతట అదియే వచ్చును. ఏది వచ్చునో నిర్ణయించునది మనము ఇంతకుముందు దేనిని చూచితిమి, ఎంతసేపు చూచితిమి అను లెక్క. అనగా మనకు నచ్చినదే మరల మరల మన ముందు నిలుచును. శిష్యునకు కావలసినది నచ్చిన మాట మాత్రమే కాదు. నీవు నీ పొరుగువానితో మాటలాడుట లేదేమి, కూలివానికి బాకీ తీర్చలేదేమి అని అడుగు మనిషి వానికి కావలెను. ఆ ప్రశ్న అడుగుటకు మన వీధి, మన ఇల్లు ఎరిగినవాడు ఉండవలెను. వేయిమైళ్ళ దూరమున ఉన్న గొప్ప వక్తకు అది సాధ్యము కాదు. మాకును సాధ్యము కాదు.

మరియొక ప్రమాదము అబద్ధము. ఫలానాచోట అద్భుతము జరిగినదనియు, ఫలానావారు ఇట్లనిరనియు వచ్చు వార్తలను తెలిసికొనకయే పదిమందికి పంపుట నేడు పరిపాటియైనది. మనిషి గొంతును, ముఖమును కూడ యంత్రము అనుకరింపగల దినములివి. పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము పలుకరాదన్నది పది ఆజ్ఞలలో ఒకటి. అది న్యాయస్థానములోని సాక్షికి మాత్రమే కాదు, ఫోను పట్టిన బొటనవ్రేలికిని వర్తించును.

కొన్ని సంవత్సరముల క్రిందట క్రిస్మసు కార్యక్రమమునకై మేము కృష్ణా డెల్టాలోని ఒక పల్లెకు పాటలు రికార్డు చేయబోయితిమి. అక్షరము రాని ఒక వృద్ధురాలు పండ్రెండు చరణముల కీర్తనను తడబడక పాడినది. ఎవరో తలుపు వేసిన శబ్దము పడుటచే మరల పాడుమంటిమి. రెండవ పర్యాయము ఏడవ చరణమువద్ద ఆగిపోయినది. నీళ్ళిచ్చి, ఏమైనదమ్మా అని అడుగగా, "ఆ మిషను వంక చూశాను బాబూ, పాట తప్పింది" అన్నది. మేము యంత్రమును ఆమెకు కనబడకుండ ప్రక్కగదిలోనికి జరిపితిమి. అప్పుడు ఆమె కన్నులు మూసికొని తుదివరకు పాడినది. పిట్స్‌బర్గులో ఆ ఇద్దరికి అంగీలు ఎందుకు తొడిగిరో మాకు ఆనాడు బాగుగా బోధపడినది. యంత్రము ఉండవచ్చును, దృష్టి దానిమీద ఉండరాదు.

ఇక ఆ యువకులకు మేమేమి వ్రాసితిమి? తల్లి చెప్పినదానిలో చాల సత్యమున్నదని వ్రాసితిమి. మా పాటలు వినవలదని చెప్పలేదు. విన్నపిదప మీట కట్టి, సమీపమునగల సంఘమునకు నడచిపొమ్మంటిమి. అక్కడి ప్రసంగము ఫోనులోని దానివలె రంజింపజేయకపోవచ్చును; పాటలో శ్రుతి తప్పవచ్చును. కాని అక్కడ రొట్టె విరిచి చేతికిచ్చువారుందురు, జబ్బుపడిన నాడు తలుపు తట్టువారుందురు, వీరు తట్టవలసిన తలుపులును ఉండును. వారమున కొన్ని వచనములైనను కంఠస్థము చేయుమనియు, భోజనము వేళను, ప్రార్థన వేళను ఫోనును వేరొక గదిలో ఉంచుమనియు, ఏ వార్తనైనను తెలిసికొనక ఒకరికి పంపవద్దనియు చెప్పితిమి. తుదకు, ఆ ఫోనుతో చేయదగిన మంచిపని ఒకటున్నది, ఆదివారము రాత్రి మీ తల్లిగారికి ఒక అధ్యాయము చదివి వినిపింపుడు అని ముగించితిమి.

రెండు నెలలకు ఒక కార్డు వచ్చినది. వారు ఇప్పుడు గుడికి పోవుచున్నారట. అక్కడ కుర్చీలు సర్దు పని తమకు అప్పగించిరట. రాత్రులందు తల్లికి చదువుచున్నారట. ఆమెకు చూపు తగ్గినది గాని జ్ఞాపకము తగ్గలేదు. కొడుకు ఒక మాట దాటవేసినచో అక్కడనే ఆపి, మరల చదివించుచున్నదట.