చదరంగంలో ఎవరూ గెలవని ఆట ఎలా వస్తుంది?

ముంచింగిపుట్టు సంతలో తక్కెడ చూశారు కదా పిల్లలూ! రెండు పళ్లాల్లో సమాన బరువుంటే ఏ పక్కకీ వాలదు. చదరంగంలో డ్రా అంటే అదే.

2025 జులైలో జార్జియాలోని బతూమిలో మహిళల ప్రపంచకప్ ఫైనల్. మన విజయవాడ కోనేరు హంపి, నాగపూర్ దివ్యా దేశ్‌ముఖ్ ఎదురెదురుగా కూర్చున్నారు. తొలి ఆటలో తెల్లపావులు దివ్యవి. ఆరంభం పేరు ‘క్వీన్స్ గ్యాంబిట్ యాక్సెప్టెడ్’.

ఇందులో తెల్లవైపు ఆటగాళ్లు ఒక బంటును ఎరగా పెడతారు. ఎందుకు? నల్లబంటు దాన్ని తినడానికి పక్కకు వెళితే బోర్డు నడిమి భాగం వదులవుతుంది. అక్కడ తెల్లపావులు పరుచుకోవచ్చు. తెలివైన నల్లవైపు ఆటగాళ్లు తిన్న బంటును కాపాడుకుంటూ కూర్చోరు. ఆ సమయంలో గుర్రాలను, శకటాలను బయటికి తెస్తారు. బలాబలాలు మళ్లీ సరిసమానం!

ఇద్దరూ ఒప్పుకున్నా, ఒకే స్థితి మూడుసార్లు వచ్చినా డ్రా ప్రకటించవచ్చు. చెరి అరపాయింటు. మొదటి ఎత్తు తెల్లపావులదే కాబట్టి, నల్లపావులతో అరపాయింటు రాబట్టడం గొప్పే.

హంపి, దివ్యల తొలి ఆట ఇలాగే డ్రా అయింది. రెండో ఆటా డ్రానే. విజేతను తేల్చడానికి జులై 28న వేగంగా ఆడే టైబ్రేక్‌లో దివ్య గెలిచి కప్పు అందుకుంది.