676 మిల్లీమీటర్ల తేడాలో కాచిగూడ

మన దేశంలో బ్రాడ్ గేజ్ పట్టాల మధ్య ఎడం 1,676 మిల్లీమీటర్లు. మీటర్ గేజ్‌లో సరిగ్గా 1,000. రెంటికీ తేడా 676 మిల్లీమీటర్లు, అంటే రెండడుగుల మీద ఇంకో రెండున్నర అంగుళాలు. హైదరాబాద్ నడిబొడ్డున కాచిగూడలో అంత పెద్ద స్టేషన్ ఎందుకు వెలిసింది? మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం వైపు వెళ్లేవాళ్లు సికింద్రాబాద్‌ని వదిలి అక్కడికే ఎందుకు వెళ్తారు? ఈ ప్రశ్నలకు జవాబు చాలావరకు ఆ 676 మిల్లీమీటర్లలోనే ఉంది.

నిజాం రాజ్యానికి మొదటి రైలు బ్రాడ్ గేజ్ మీదే వచ్చింది. 1874 అక్టోబర్ 9న వాడి–సికింద్రాబాద్ లైను మొదలైంది. వాడి జంక్షన్ దగ్గర అది బొంబాయి–మద్రాసు మార్గంలో కలిసేది. పాతిక సంవత్సరాల తర్వాత మన్మాడ్ వైపు గోదావరి లోయ లైను వేసేటప్పుడు మీటర్ గేజ్‌ని ఎంచుకున్నారు. తేలికపాటి పట్టాలు, చిన్న వంతెనలు, తక్కువ ఖర్చు అప్పటి లెక్క. ఆ లెక్కలోకి రాని ఖర్చు ఒకటుంది. ఒక గేజ్ బండి ఇంకో గేజ్ పట్టాలెక్కదు. బ్రాడ్ గేజ్‌లో వచ్చిన బస్తా మీటర్ గేజ్ ఊరికి చేరాలంటే మధ్యలో హమాలీలు దించి మళ్లీ ఎక్కించాల్సిందే. ప్రయాణికుడికీ అంతే, దిగి బండి మారాలి. అలా ఒకే నగరంలో రెండు రైలు ప్రపంచాలు ఏర్పడ్డాయి. సికింద్రాబాద్‌లో రెండూ ఉండేవి. 1907లో కట్టిన నాంపల్లి బ్రాడ్ గేజ్ వైపు. మీటర్ గేజ్‌కి దక్కింది కాచిగూడ.

ఆ స్టేషన్ 1916 నాటిది. దక్షిణాన మహబూబ్‌నగర్ మీదుగా గద్వాల వైపు వెళ్లిన మీటర్ గేజ్ లైనుదీ అదే కాలం. అంతకు ఎనిమిదేళ్ల ముందు, 1908 సెప్టెంబర్ 28న, మూసీ వరద నగరాన్ని ముంచెత్తింది. 1911లో గద్దెనెక్కిన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో నగరం మళ్లీ లేచింది. ఆ పనికి వచ్చిన బ్రిటిష్ వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్. కలకత్తా విక్టోరియా మెమోరియల్ నిర్మాణాన్ని పర్యవేక్షించిన అనుభవం ఆయనది. హైకోర్టు, సిటీ కాలేజీ, ఉస్మానియా ఆసుపత్రి, కాచిగూడ స్టేషన్ నాలుగింటి రూపకల్పనా ఆయన చేతి పనే. హైకోర్టుకి, ఉస్మానియాకి దక్కిన పేరు కాచిగూడకి దక్కలేదు. నా దృష్టిలో ఇది న్యాయం కాదు. గుమ్మటాలూ మినార్లూ చూసి పాతకాలపు రాతి కట్టడం అనుకుంటాం కానీ, ఇందులో ముందుగా పోతపోసిన కాంక్రీటు భాగాలను తెచ్చి బిగించారు. 1916కి అది కొత్త విద్య. పరదా పాటించే స్త్రీలు ఎవరి కంటా పడకుండా రైలెక్కేందుకు ప్రత్యేక ఏర్పాటూ చేశారు. నిజాం రైల్వేకి కేంద్ర కార్యాలయంగా ఉన్న చరిత్రా కాచిగూడకి ఉంది.

తర్వాత యజమానులు మారారు. నిజాం రైల్వే 1930 ఏప్రిల్ 1న దాన్ని నడిపిన కంపెనీ చేతిలోంచి నిజాం ప్రభుత్వానికి, 1951 నవంబర్ 5న సెంట్రల్ రైల్వేకి, 1966 అక్టోబర్ 2న కొత్తగా పుట్టిన దక్షిణ మధ్య రైల్వేకి. గేజ్ గోడ మాత్రం చెక్కుచెదరలేదు. అది ఎంత బలమైనదంటే, 1978లో సికింద్రాబాద్ డివిజన్ నుంచి హైదరాబాద్ డివిజన్‌ని విడదీసినప్పుడు గీత గీసింది మీటర్ గేజ్ ఆధారంగానే. కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉన్న సికింద్రాబాద్, కాచిగూడ ఈనాటికీ వేర్వేరు డివిజన్ల కింద ఉండటానికి మూలం అదే.

1992లో లైన్లను బ్రాడ్ గేజ్‌కి మార్చే యూనిగేజ్ ప్రాజెక్టు మొదలైంది. ఆ దశాబ్దంలో మహబూబ్‌నగర్, కర్నూలు వైపు, ఆ తర్వాత నిజామాబాద్ వైపు పట్టాలు వెడల్పయ్యాయి. తేడా పోయింది కాబట్టి కాచిగూడ అవసరమూ తీరిపోవాలి. జరిగింది తలకిందులు. నాంపల్లిలో పట్టాలు అక్కడితో ఆగిపోతాయి, వచ్చిన బండి వెనక్కే మళ్లాలి. కాచిగూడ అలా కాదు, బండి ఇటు నుంచి వచ్చి అటు సాగిపోవచ్చు. దక్షిణ దిక్కుకి నగరం తలుపు అదే. చిత్తూరు వెళ్లే వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ ఇక్కడి బండే. 2023 ఏప్రిల్ 8న సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ మధ్య 85 కిలోమీటర్ల రెండో లైనును, విద్యుదీకరణను జాతికి అంకితం చేశారు. ఖర్చు రూ. 1,410 కోట్లు. అదే ఏడాది సెప్టెంబర్ 24న కాచిగూడ నుంచి యశ్వంత్‌పూర్‌కి వందే భారత్ బయల్దేరింది. దాదాపు 610 కిలోమీటర్లు, ఎనిమిదిన్నర గంటలు.

దూరప్రయాణికుడికి ఇంత జరిగింది. మరి మలక్‌పేట నుంచి విద్యానగర్‌కి వెళ్లాల్సినవాళ్ల సంగతి?

నగర లోకల్ రైలు ఎంఎంటీఎస్ 2003 ఆగస్టు 9న ప్రారంభమైంది. మొదటి దశలోనే సికింద్రాబాద్–ఫలక్‌నుమా లైను ఉంది, సుమారు 14 కిలోమీటర్లు. సికింద్రాబాద్, సీతాఫల్‌మండి, ఆర్ట్స్ కాలేజ్, జామై ఉస్మానియా, విద్యానగర్, కాచిగూడ, మలక్‌పేట, దబీర్‌పురా, యాకుత్‌పురా, ఉప్పుగూడ, ఫలక్‌నుమా. పదకొండు స్టేషన్లు, ఏ కొస నుంచి లెక్కపెట్టినా కాచిగూడ ఆరోది. దాటగానే మూసీ, ఆవల పాతబస్తీ. కనీస టికెట్ 5 రూపాయలు. యూనివర్సిటీ పిల్లలు, ఆసుపత్రికొచ్చేవాళ్లు, పాతబస్తీ నుంచి పనికి పోయేవాళ్లు చవకగా నగరం దాటగలిగే బండి ఇది. మెట్రో పాతబస్తీలోకి ఇంకా వెళ్లలేదు, కాచిగూడ స్టేషన్‌నీ తాకలేదు.

అయినా జనం ఎందుకు ఎక్కరంటే, ఇక్కడ ఇంకో అంకె ఉంది. గంటకో బండి ఉంటే, సమయం చూసుకోకుండా వచ్చినవాడు సగటున 30 నిమిషాలు ఎదురుచూస్తాడు. పది నిమిషాలకో బండి అయితే 5 నిమిషాలే. పావుగంట ప్రయాణానికి అరగంట నిలబడటం ఎవరికి వీలవుతుంది? కోవిడ్‌కి ముందు నగరమంతా కలిపి రోజుకు 121 ఎంఎంటీఎస్ సర్వీసులు ఉండేవి. 2020 మార్చిలో ఆగిపోయినవి పదిహేను నెలల తర్వాత, 2021 జూన్ 23న, పదంటే పది సర్వీసులతో మళ్లీ మొదలయ్యాయి. ఆ మధ్యలో చాలామంది బస్సుకో షేర్ ఆటోకో అలవాటు పడిపోయారు.

సర్వీసులు పెంచమంటే రైల్వే దగ్గర ఒక నిజమైన ఇబ్బంది ఉంది. లోకల్‌కి ఇక్కడ సొంత పట్టాలు లేవు. ఎక్స్‌ప్రెస్, గూడ్స్, ఎంఎంటీఎస్ అన్నీ ఒకే దారిలో నడవాలి, ఒకే స్టేషన్‌లో పట్టాలు మారాలి. 2019 నవంబర్ 11 ఉదయం కాచిగూడలోకి వస్తున్న హంద్రీ ఎక్స్‌ప్రెస్, ఇక్కడి నుంచి బయల్దేరిన ఎంఎంటీఎస్ ఢీకొన్నాయి. క్యాబిన్‌లో చిక్కుకున్న ఎంఎంటీఎస్ లోకో పైలట్‌ని బయటికి తీయడానికి దాదాపు ఎనిమిది గంటలు పట్టింది. తర్వాత ఆయన ఆసుపత్రిలో కన్నుమూశారు. రద్దీ పట్టాల మీద బండ్లు పెంచడమంటే సిగ్నలింగ్, సిబ్బంది, విశ్రాంతి వేళలు అన్నీ పెంచడమే. టైమ్‌టేబుల్‌లో ఒక గీత గీస్తే సరిపోదు.

ఇప్పుడు ఒక సందు దొరికింది. 2025 జనవరి 6న చర్లపల్లి టెర్మినల్ ప్రారంభమైంది. సికింద్రాబాద్, నాంపల్లి, కాచిగూడల భారం తగ్గించడమే దాని ఉద్దేశం. దక్షిణాన ఎంఎంటీఎస్ ఇప్పటికే ఫలక్‌నుమా దాటి శంషాబాద్ వైపున్న ఉందానగర్ దాకా సాగింది. కాచిగూడలో ఖాళీ అయ్యే ప్రతి దూరప్రయాణపు వేళనీ ఇంకో ఎక్స్‌ప్రెస్‌కి ఇవ్వకుండా ఫలక్‌నుమా లోకల్‌కి ఇవ్వాలి. ముందు ఉదయం 8 నుంచి 11 దాకా, సాయంత్రం 5 నుంచి 8 దాకా పావుగంటకో బండి నడపాలి. అందుకు డబ్బులో తమ వంతు వేయాల్సిన బాధ్యత రాష్ట్ర ప్రభుత్వానిదీ. ఎంఎంటీఎస్ మొదటి రోజు నుంచీ రైల్వే, రాష్ట్రం కలిసి చేపట్టిన పని.