పేరు మారే జ్ఞాపిక: పునరావృత లేజరు చెక్కడంలో నియంత్రణ ఫైలు, తెలుగు లిపి

ఒకే నమూనాను పదేపదే దింపడం చేనేతకు కొత్త కాదు. మాచాని సోమప్ప 1938లో నెలకొల్పిన చేనేత సహకార సంఘంతో పేరొందిన ఎమ్మిగనూరులో ఈ మాట వేరుగా చెప్పనవసరం లేదు. ఫ్రాన్సులో 1804 నాటికి రూపుదిద్దుకొన్న జకార్డు యంత్రంలో, రంధ్రాలు చేసిన అట్టల వరుస ఒక చుట్టు తిరిగితే అదే పువ్వు మళ్లీ నేతలోకి వస్తుంది. నేటి లేజరు యంత్రంలో ఆ అట్టల పని జి-కోడ్ ఫైలు చేస్తుంది. అయితే అట్టల వరుస ప్రతి చుట్టులోనూ ఒకే రూపాన్నిస్తుంది. జ్ఞాపికలపై మాత్రం ప్రతిసారీ పేరు మారాలి.

ఆదోని, ఎమ్మిగనూరు విద్యార్థుల కోసం నూరు చెక్క జ్ఞాపికలు కావాలనుకుందాం. చిహ్నం, సంవత్సరం, అంచు అన్నింటికీ ఒకటే. పేరు, ఊరు వేరు. నూరు ఫైళ్లను విడివిడిగా తయారుచేస్తే ఒక చిన్న సవరణను నూరు చోట్ల చేయవలసివస్తుంది. అందుచేత మారనిదానిని మారేదాని నుండి వేరుచేయాలి. ఫైలు ఆరంభంలో మిల్లీమీటర్ల కొలతకు జి21, మూలబిందువు నుండి దూరాలకు జి90, ఆ మూలబిందువుకు జి54 ఆదేశాలు, చివర లేజరును ఆర్పే ఎం5 స్థిరంగా ఉంటాయి. నడుమ పేరు భాగం ఒక్కటే పట్టిక నుండి వస్తుంది. చిన్న యంత్రాలలో తరచుగా కనిపించే జీఆర్‌బీఎల్ నియంత్రణకు చరరాశులు, ఉపకార్యక్రమాలు తెలియవు. కనుక ఈ కూర్పు యంత్రానికి వెలుపల, కంప్యూటరులోనే జరగాలి.

అసలు చిక్కు లిపితో మొదలవుతుంది. యంత్రానికి అక్షరం తెలియదు, గీత మాత్రమే తెలుసు. యూనికోడ్ పాఠాన్ని గీతలుగా మార్చే సాఫ్ట్‌వేరుకు సంయుక్తాక్షరాల కూర్పు రాకపోతే వత్తు స్థానంలో పొల్లు మిగులుతుంది. పట్టికను యూటీఎఫ్-8లో భద్రపరచకపోతే అక్షరాలే గజిబిజి అవుతాయి. పాత అను ఫాంట్లలో టైపుచేసిన జాబితాను ముందుగా యూనికోడ్‌లోకి మార్చుకోక తప్పదు. పేరు తప్పుగా చెక్కిన జ్ఞాపికను ఏ విద్యార్థీ ఇంట్లో పెట్టుకోడు. కాలిన చెక్కను దిద్దే రబ్బరూ లేదు.

వీటికంటే సూక్ష్మమైనది అమరిక. ‘ఆదోని’లో వత్తు లేదు, ‘ఎమ్మిగనూరు’లో మకార వత్తు పంక్తి కిందికి దిగుతుంది. పదం మొత్తం ఎత్తును కొలిచి గడి నడుమ నిలిపితే, ‘ఎమ్మిగనూరు’ అక్షరాలు ‘ఆదోని’ అక్షరాలకంటే పైకి జరుగుతాయి. ఇంగ్లీషు పెద్దక్షరాలతో రూపొందించిన నమూనాలో ఈ లోపం బయటపడదు. కనుక తెలుగు నమూనాలో పదం మధ్యబిందువును కాక ఆధారరేఖను స్థిరపరచాలి. వత్తులకూ గుణింతాలకూ కింద, పైన చోటు ముందే విడవాలి.

తెలుగు అక్షరాల గుండ్రదనం లేజరు శక్తినీ ప్రభావితం చేస్తుంది. బిగువైన వంపుల వద్ద యంత్రం నెమ్మదిస్తుంది. ఎం3 ఆదేశంతో శక్తి తగ్గదు గనుక అక్కడ చెక్క ఎక్కువగా మాడుతుంది. జీఆర్‌బీఎల్‌లో 32వ అమరికను 1గా ఉంచి ఎం4 వాడితే, వేగం తగ్గినప్పుడు శక్తి కూడా తగ్గుతుంది. ఇక పని మొదలుపెట్టేముందు జాబితాలో అతి పొడవైన పేరునూ, వత్తులు ఎక్కువగా ఉన్న పేరునూ ఎంచి, ఒక అట్టముక్కపై చెక్కి చూడాలి. ఆ రెండూ గడిలో ఇమిడితే మిగిలిన తొంభై ఎనిమిదింటికి ఫైలును తెరవవలసిన పని ఉండదు.