పేరు గడిలో దూరిన ఆజ్ఞ

2023 మే చివర్లో, అమెరికాలో మెమోరియల్ డే సెలవులు నడుస్తుండగా, క్లాప్ అనే సైబర్ ముఠా మూవిట్ ట్రాన్స్‌ఫర్ సర్వర్ల మీద పడింది. జీతాల వివరాలు, ఆరోగ్య రికార్డుల్లాంటి ఫైళ్లను భద్రంగా పంపుకోవడానికి సంస్థలు కొనుక్కునే సాఫ్ట్‌వేర్ ఇది. తయారీదారు ప్రోగ్రెస్ సాఫ్ట్‌వేర్. బీబీసీ, బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఉద్యోగుల వివరాలూ ఈ దాడిలో పోయాయి. దొంగలు పడింది ఆ సంస్థల ఇంట్లో కాదు. వాటి జీతాల పని చూసే జెల్లిస్ కంపెనీ మూవిట్ వాడేది.

దొంగలకు దారిచ్చిన లోపం పేరు ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్. ఎస్‌క్యూఎల్ అంటే డేటాబేస్‌తో మాట్లాడే భాష. లాగిన్ పేజీలో మీరు రవి అని టైప్ చేశారనుకుందాం. అప్లికేషన్ ఆ పేరును తన వాక్యంలో అతికించి డేటాబేస్‌కు పంపుతుంది. తెలుగులో చెప్పాలంటే:

చూపించు, ఎక్కడ పేరు = 'రవి'

కొటేషన్ గుర్తుల లోపలిది సమాచారం, బయటిది ఆజ్ఞ. ఇప్పుడు ఇంకొకడు వచ్చి పేరు గడిలో ' లేదా '1'='1 అని కొడతాడు. వాక్యం ఇలా మారిపోతుంది:

చూపించు, ఎక్కడ పేరు = '' లేదా '1'='1'

వాడు కొట్టిన మొదటి గుర్తుతోనే పేరు ముగిసిపోయింది. ఆ తర్వాతదంతా ఆజ్ఞలో కలిసిపోయింది. ఒకటి ఒకటికి సమానమన్నది ఎప్పుడూ నిజమే కాబట్టి, డేటాబేస్ ఒక్క రవిని కాక అందరి వివరాలూ బయటపెడుతుంది.

మూవిట్ మీద దాడి ఇంతకంటే చిక్కైనది, కిటుకు మాత్రం ఇదే. పాస్‌వర్డ్ లేకుండానే దొంగలు లోపలికి వెళ్లారు. మూవిట్‌లో హ్యూమన్ అనే పేజీ ఒకటి ముందే ఉంది. దానికి జోడీలా కనిపించేలా హ్యూమన్2 అనే ఫైలు పెట్టి, దాన్నే దొడ్డిదారి చేసుకున్నారు. మే 31న ప్రోగ్రెస్ లోపాన్ని ప్రకటించింది. దాడులు 27 నాటికే మొదలయ్యాయి. లోపాన్ని సరిచేసే ప్యాచ్ వేసుకున్నా, అంతకుముందే పోయిన ఫైళ్లు వెనక్కి రావు.

ఈ లోపానికి మందు కొత్తగా కనిపెట్టాల్సిన పనిలేదు. ఎస్‌క్యూఎల్ వాక్యం రూపాన్ని ఖాళీలతో ముందుగా డేటాబేస్‌కు ఇచ్చి, వాడుకరి టైప్ చేసింది తర్వాత విడిగా పంపాలి. ప్రోగ్రామర్లు దీన్ని ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ అంటారు. అప్పుడు గడిలో ఏం రాసినా అది పేరుగానే ఉంటుంది, ఆజ్ఞగా మారదు. అప్లికేషన్‌కు డేటాబేస్‌లో అవసరమైనంత మేరకే అనుమతులిస్తే, ఎక్కడైనా కన్నం పడ్డా నష్టం తగ్గుతుంది. అనుమానపు గుర్తులను ఏరేసే ఫిల్టర్లను మాత్రమే నమ్ముకుంటే చాలదు. వాటిని తప్పించుకునే ఎత్తులు బోలెడు.

ఈ లోపం గురించి 1998లోనే ఫ్రాక్ అనే హ్యాకర్ల పత్రికలో వచ్చింది. పాతికేళ్ల తర్వాత కూడా డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్‌లో అది దొరికిందంటే తప్పు వాడినవాళ్లది కాదు, తయారుచేసినవాళ్లదే. అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా, ఎఫ్‌బీఐ 2024 మార్చిలో తయారీదారులకు చెప్పింది కూడా ఇదే: కోడ్ రాసేటప్పుడే ఈ లోపానికి చోటు లేకుండా చూడండి. సాఫ్ట్‌వేర్ కొనే ఆఫీసులు, ఆసుపత్రులు, కాలేజీలు సంతకం పెట్టేముందు అమ్మేవాళ్లను ఒక్క మాట అడగాలి: మేం టైప్ చేసేది మీ ఎస్‌క్యూఎల్ వాక్యంలో నేరుగా అతుకుతోందా? సూటిగా జవాబు రాకపోతే ఆ సరుకు కొనకండి.