ఒకే యంత్రంలో ఆడే ఆట

అనకాపల్లి బెల్లం ఏ ఊరు వెళ్ళినా బెల్లమే. మట్టికుండలో వేసినా, ఇత్తడి గిన్నెలో వేసినా పాకం వస్తుంది. “ఈ బెల్లం మా కంపెనీ గిన్నెలోనే కరుగుతుంది” అని ఎవరైనా అంటే మీరు నవ్వుతారు. కాని వీడియో ఆటల్లో ఇలాంటి ఏర్పాటే ఉంది! ఒక కంపెనీ యంత్రంలో మాత్రమే నడిచే ఆటలను ‘ఎక్స్‌క్లూజివ్’ ఆటలంటారు.

ఇందుకు మన హైదరాబాదులోనే ఒక ఉదాహరణ దొరుకుతుంది. అక్కడి అరోనా టెక్నాలజీస్ సంస్థ ‘హనుమాన్: బాయ్ వారియర్’ అనే ఆటను తయారుచేసింది. అది 2009లో విడుదలయింది. పూర్తిగా భారతదేశంలోనే తయారైన మొదటి కన్సోల్ ఆట అది. కన్సోల్ అంటే టీవీకి తగిలించుకొని ఆటలాడే ప్రత్యేకమైన కంప్యూటరు. ఈ ఆట సోనీ వారి ప్లేస్టేషన్ 2 కోసమే తయారయింది. ఆ యంత్రాల తయారీ 2013లో ఆగిపోయింది. ఇప్పుడు ఆ డిస్కును ప్లేస్టేషన్ 5లో పెడితే ఆట నడవదు. మామూలు కంప్యూటరులో పెట్టినా అంతే.

ఎందుకు నడవదు?

ప్రతి కంప్యూటరుకూ ప్రాసెసర్ అనే మెదడు ఉంటుంది. అది తనకు తెలిసిన ఆజ్ఞలనే పాటిస్తుంది. ప్లేస్టేషన్ 2లో ‘ఎమోషన్ ఇంజన్’ అనే ప్రత్యేకమైన ప్రాసెసర్ ఉండేది. దాని ఆజ్ఞల భాష వేరు, మన కంప్యూటర్ల భాష వేరు. తెలుగు మాత్రమే వచ్చినవారి చేతికి తమిళంలో రాసిన ఉత్తరం ఇస్తే ఏమవుతుంది? ఇక్కడా అంతే.

2013లో వచ్చిన ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ యంత్రాలలో మామూలు కంప్యూటర్ల జాతి ప్రాసెసర్లనే వాడారు. దానితో భాషల అడ్డుగోడ చాలావరకు తొలగింది. మరి ఆ తరువాత కూడా ఎక్స్‌క్లూజివ్ ఆటలు ఎందుకు వచ్చాయి?

కారణం వ్యాపారం. కంపెనీలు కన్సోల్‌ను తక్కువ లాభానికి, ఒక్కొక్కప్పుడు నష్టానికి కూడా అమ్ముతాయి. ఆ యంత్రం కోసం అమ్ముడయ్యే ప్రతి ఆటమీదా వాటా తీసుకొని ఆ లోటు పూడ్చుకుంటాయి. మరెక్కడా దొరకని ఆట ఉంటే, దానికోసమైనా జనం ఆ యంత్రం కొంటారు కదా!

గోడలు కూలుతాయా?

అయితే ఆటల ఖర్చు పెరిగిపోయింది. కొన్ని పెద్ద ఆటలకు ఒక్కొక్కదానికి 20 కోట్ల డాలర్లకు పైగా ఖర్చయినట్లు 2023లో అమెరికా కోర్టు ముందుకు వచ్చిన పత్రాలు తెలిపాయి. ఇంత సొమ్ము ఒక్క యంత్రం వాళ్ళ దగ్గరే రాబట్టడం కష్టం. అందుకే ప్లేస్టేషన్ ఆట ‘గాడ్ ఆఫ్ వార్’ 2018లో వచ్చి, 2022లో కంప్యూటరుకు చేరింది. మైక్రోసాఫ్ట్ వారి ‘ఫోర్జా హొరైజన్ 5’ 2025లో పోటీదారు యంత్రమైన ప్లేస్టేషన్ 5లోకే వెళ్ళింది! నింటెండో మాత్రం తన ప్రధానమైన మారియో ఆటలను సొంత యంత్రాలకే ఉంచుకుంటున్నది. కాబట్టి గోడలు కొన్నిచోట్ల కూలాయిగాని, అన్నిచోట్లా కాదు.

మరి మన హనుమంతుడి గతి? పాత యంత్రంలా నటించే ప్రోగ్రాములు ఉన్నాయి. వాటిని ఎమ్యులేటర్లు అంటారు. అవి పాత ప్రాసెసర్ ఆజ్ఞలను కొత్త ప్రాసెసర్ భాషలోకి అనువదిస్తాయి. ఇలాంటి దుబాసీ లేకపోతే, చివరి యంత్రం చెడిపోయిన రోజున దానికోసమే పుట్టిన ఆట కూడా మూగపోతుంది. పుస్తకం పాతబడినా చదువుకోవచ్చు. ఆటను కూడా అలా దాచుకోవాలంటే, దాని డిస్కుతోపాటు దాని భాష తెలిసిన యంత్రాన్నీ కాపాడుకోవాలి.