చూసే పిల్లలకు చేయడమూ నేర్పుదాం

మన పిల్లలు గంటల తరబడి ఫోన్ చూస్తున్నారని బాధపడని తల్లిదండ్రులు లేరు. అయితే ఆ తెర మీద కనిపించే పేజీ ఎలా తయారవుతుందో వారికి నేర్పే ఏర్పాటు మనం ఎంతవరకు చేశాం?

2011లో ఐర్లండ్‌లోని కార్క్ నగరంలో జేమ్స్ వెల్టన్, బిల్ లియావో ‘కోడర్‌డోజో’ అనే ఉచిత తరగతులు ప్రారంభించారు. 7 నుంచి 17 ఏళ్ళ పిల్లలు స్వచ్ఛంద సేవకుల వద్ద వెబ్ పేజీలు, ప్రోగ్రాములు తయారు చేయడం నేర్చుకున్నారు. సందేహం వస్తే ముందు ముగ్గురు తోటివారిని అడగాలి, ఆ తర్వాతే బోధకుణ్ణి అడగాలి అన్నది అక్కడి పద్ధతి. పెద్ద విద్యార్థి చేత చిన్నవాడికి సబక్ చెప్పించే మన మక్తబ్‌లకు ఇది కొత్తేమీ కాదు.

2012 వేసవిలో మొజిల్లా సంస్థ కూడా ఇలాంటి సమావేశాలకు పూనుకుంది. దాని ‘థింబుల్’ సాధనంలో ఒక పక్క కోడ్ రాస్తే మరో పక్క పేజీ కనిపించేది. 2019లో అది మూతపడినా నేర్చుకోవడానికి ఆటంకం లేదు. కంప్యూటర్‌లో నోట్‌ప్యాడ్, బ్రౌజర్ ఉంటే చాలు. మొదటి పాఠాలకు ఇంటర్నెట్ కూడా అక్కరలేదు.

మన ఇళ్ళలో రెండు భాషలున్నాయి. హెచ్‌టీఎంఎల్‌లో ‘డీఐఆర్’ అన్నచోట ‘ఆర్‌టీఎల్’ అని రాస్తే ఉర్దూ పేరా కుడి నుంచి మొదలవుతుంది. దాని కిందనే తెలుగు ఎడమ నుంచి సాగుతుంది. నానీమా చెప్పే కథలు, దాదాజాన్ రాసుకున్న షేర్లు ఈ రెండు లిపుల్లోనూ మన పిల్లలు పొందుపరచకపోతే ఇంకెవరు పొందుపరుస్తారు?

పెళ్ళిళ్ళు లేని రోజుల్లో ఊళ్ళోని షాదీఖానా ఖాళీగానే ఉంటుంది. చదువుకున్న యువకులు, యువతులు వారానికి రెండు గంటలు కేటాయిస్తే అదే పాఠశాల అవుతుంది. అమ్మాయిలను మాత్రం వెనక వరుసలో కూర్చోబెట్టకండి.